టేకు బల్ల మీద నల్ల మచ్చలు

మొదటి వానకే బల్ల పరువు తీసింది. మేకు దిగిన ప్రతిచోటా సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ. గోదావరిఖని బొగ్గుగనుల గెస్టుహౌసు తోటలో తను చేసిన ఆ టేకు బల్ల ముందు పోశం తలపట్టుకుని కూలబడ్డాడు.

కూలికి పనిచేసే వడ్రంగులు ఇద్దరే, పోశం, నర్సింగం. వాళ్లలో ఒకరిని పర్మినెంటు చేస్తారు. ఊరెళ్లిన ఇంజనీరు దొర తిరిగొచ్చి బల్ల చూశాక తేలుస్తాడు. పర్మినెంటయితే క్వార్టరు, దవాఖాన. కాకపోతే పెళ్లాం పిల్లలతో ఎప్పటిలా రేకుల గుడిసే.

నర్సింగం వచ్చి బల్ల పక్కన గొంతుకూర్చున్నాడు. నవ్విపోవడానికే వచ్చాడనుకున్నాడు పోశం.

"ఇనుము, టేకు, వాన కలిస్తే గింతే తమ్మీ. ఫికర్ చెయ్యకు. మేకులన్ని పీకు. నిమ్మరసం పోసి కొబ్బరిపీచుతోని రుద్దు. ఇనుప బ్రష్ ముట్టకు, మళ్ల నల్లబడ్తది. కడిగి ఆరినంక ఇత్తడి స్క్రూలు బిగించు."

పోశం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉద్యోగానికి పోటీ ఉన్నవాడు పని గుట్టు విప్పి చెప్పడమా? చెప్పి ఊరుకోలేదు, పక్కన కూర్చుని నిమ్మకాయలు కూడా పిండాడు. ఇన్నాళ్లూ ఈ మనిషిని అనుమానించినందుకు పోశం సిగ్గుపడ్డాడు.

పోశం భార్య అనసూర్య తన పెళ్లినాటి ఇత్తడి చెంబు మంచిర్యాలలో అమ్మి స్క్రూలు తెచ్చింది. రెండో వాన పడినా బల్ల మీద మచ్చ రాలేదు. మొదటి జీతం రాగానే నర్సింగానికి కొత్తబట్టలు పెట్టాలని మొగుడూ పెళ్లాలు అనుకున్నారు.

దొర వచ్చాడు. బొగ్గు సంగతి తెలిసినంత కర్ర సంగతి తెలియదాయనకు. పైగా ఈమధ్యే ఎవడో స్టోరు టేకు అమ్ముకుని నాసి కర్ర పెట్టాడని మండిపడి ఉన్నాడు. బల్ల చుట్టూ తిరిగి, వంగి చూశాడు.

"రెండు వానలు పడ్డాయి. ఒక్క మచ్చ లేదు."

పోశం ముఖం విప్పారింది.

"అసలు టేకైతే మేకుల చుట్టూ నల్లబడుతుందట. నేనిచ్చిన టేకు ఎక్కడ అమ్ముకున్నావు?"

పోశం చేతులు జోడించాడు. నిమ్మకాయల సంగతి, స్క్రూల సంగతి, పెళ్లాం చెంబు సంగతి తడబడుతూ చెప్పాడు. సొంత చెంబు అమ్మి తోట బల్లకు స్క్రూలు కొనే పిచ్చివాడు ఎక్కడైనా ఉంటాడా అని దొర నవ్వాడు. ఉద్యోగం మాట మరిచిపొమ్మన్నాడు, రేపటినుంచి కూలికి కూడా రావద్దన్నాడు.

పోశం ఆయన కాళ్ల మీద పడ్డాడు. "నర్సింగమన్నను అడుగుండ్రి దొరా. ఆయనకంత ఎరుకే."

దొర కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"ఆ నల్ల మచ్చల గుర్తు నాకు చెప్పిందే నర్సింగం."