ఏరియల్ తీగ

"ఆ తీగ మీద పిడుగు పడితే కొట్టమంతా బూడిదైపోతాదేమోనే!"

శ్రీశైలమ్మ మాటకు కూతురు శ్యామల నవ్వేసింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తరోజులు. తర్లుపాడులో ఏ ఇంటి కప్పు మీదా లేని రెండు వెదురు గడలు, వాటి మధ్య రాగితీగ. ఇంగ్లీషులో తప్పిన కూతురు పాఠాలు విని మళ్ళీ పరీక్ష రాస్తుందని, పలకల గనిలో పనిచేసే లింగయ్య రెండు పొట్టేళ్ళనమ్మి బ్యాటరీ రేడియో తెచ్చాడు. తెచ్చిననాడే తేల్చి చెప్పాడు.

"ఇది మూగబోయినరోజు నీ చదువూ ఆడికే సరి. గొర్రెల ఎనక పోవాల్సిందే."

వారం తిరిగాక ఒకనాడు మబ్బు పట్టింది. ఇంట్లో ఎవరూ లేరు. శ్రీశైలమ్మ నిచ్చెన వేసుకుని, రేడియోలోకి దిగే తీగను కొడవలితో తెంపి, కొసలు కనబడకుండా చూరులో దోపింది.

తెల్లవారి చెవులు రిక్కించింది. మూసిన తలుపు వెనక నుంచి, ఎప్పటిలాగే, ముక్కుతో పలికే దొరసాని గొంతు గలగలా ఇంగ్లీషు మాట్లాడింది. హమ్మయ్య, ఆ తీగ ఉత్త సింగారమే అనుకుంది. అయినా మొగుడి మొహం చూసినప్పుడల్లా తల దానంతటదే దిగిపోయేది.

నెల గడిచింది.

"ఒక్క పాటన్నా పెట్టమ్మా," అని లింగయ్య అడిగితే, "బ్యాటరీ అయిపోతాది నాయనా, పాఠాలకుండొద్దా?" అనేది శ్యామల. చదివి చదివి గొంతు రాసుకుపోయిందని రోజూ మిరియాల కషాయం అడిగేది.

ఆ సాయంత్రం శ్యామల పక్కింటి రాములమ్మ కూతుళ్ళకు అరుగు మీద ఇంగ్లీషు మాటలు నేర్పుతోంది.

"ఏరియల్ అంటే ఏందక్కా?"

"మా కప్పు మీద తీగ లేదూ, అదే. గాలిలో వచ్చే మాటల్ని పట్టి రేడియోలోకి దించుతాది."

"అది తెగితే?"

శ్యామల మూసిన గది వైపు చూసింది. "తెగితే... రేడియో మూగదే."

లోపల శ్రీశైలమ్మ చేతిలోని చేట జారి, సద్దలు నేలపాలయ్యాయి.

పిల్లలు వెళ్ళగానే కూతురి చేతులు పట్టుకుంది. "నేనే తెంపినానే ఆ తీగను. పిడుగు భయంతో తెంపినా. నీ చదువుకే కొడవలి పెట్టిన పాపిష్టిదాన్ని. కడవలో నీళ్ళ మాదిరి లోపల నిలవున్న మాటలే ఇన్నాళ్ళూ వస్తా ఉన్నట్టుండాయి. అవి అయిపోతే మీ నాయన ఊరుకుంటాడా? పరీక్ష దాకన్నా వస్తాయంటావా?"

శ్యామల వంగి, నేల మీది సద్దలను ఒక్కొక్క గింజే ఏరి చేటలో వేసింది. చివరికి బొంగురు గొంతుతో అంది.

"ఆ మాటలు నావేనమ్మా."