రెండెండాకాలాల చెక్క

దిల్‌సుఖ్‌నగర్‌లో గిటార్లు చేసే జోగారావు కొట్టు ముందు ట్రాలీ ఆటో కనిపించేసరికి, ఇంటి ఓనరు బాలకృష్ణ దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏంది జోగారావ్, చెక్కలు చెక్కుడు బంద్ పెట్టి నువ్వే చెక్కేస్తున్నవా?"

"ఎక్కడికండీ?"

"తెలంగాణ ఒస్తదని మీవోళ్లు సామాన్లు సదురుతున్నరట. మరి నా బిడ్డ గిటార్ ఎప్పుడిస్తవ్?"

"ఈ చెక్కలు మీ పాప గిటారుకేనండీ. ఇప్పుడే కాకినాడ నుంచి దిగాయి."

ఎక్కించేవాడైనా దించేవాడైనా మోసేది ఒకేలా మోస్తాడు. ఆ మోతలో మోసం లేదని నమ్మకమేమిటి? బాలకృష్ణ టార్పాలిన్ ఎత్తి తడిమాడు. చెక్క చల్లగా తగిలింది.

"గిది పచ్చిగున్నది."

"అక్కడి చెమ్మండీ. ఇప్పుడే కోసి చేస్తే మన ఎండలకి పగిలిపోద్ది. రెండెండాకాలాలు ఇక్కడి గాలికి ఆరాలి. నెలకోసారి తిరగెయ్యాలి కూడా."

"ఎవలు తిరగేస్తరు?"

"నేనేనండీ, ఇంకెవరు?"

రెండెండాకాలాలు. వెళ్లిపోయేవాడు ఎండని చెక్క తెచ్చుకోడు. బాలకృష్ణ చొక్కా చేతులు మడిచి, చెక్క కొస పట్టుకున్నాడు.

"పైన రేకుల కింద పెడ్దాం పట్టు. జల్ది ఎండుతది."

"జల్దీగా ఎండితే వంకర పోద్దండీ."

"అట్లనా? అయితే కిందనే పెట్టు," అన్నాడు బాలకృష్ణ. "నిమ్మళంగ ఎండనీ."