త్రివేణి తలనొప్పి

“మళ్లీ మొదలైంది,” అంటూ త్రివేణి నుదురు పట్టుకుంది.

రాజీవ్ పక్కకి చూడలేదు. చూస్తే మాట జారుతుందని విమానం ముక్కు మీదే చూపు నిలిపాడు. కింద లేక్ లేనియర్ జనవరి ఎండకి తోమిన పళ్లెంలా మెరుస్తోంది. ఇంత మంచి రోజున, సరిగ్గా గాల్లోకి లేచాకే ఈవిడకి తలనొప్పి.

“బయల్దేరేటప్పుడు బాగానే ఉన్నావుగా.”

“అప్పుడు బాగానే ఉన్నా. ఇప్పుడు కడుపులో తిప్పుతోంది. వెనక్కి పోనీ రాజీవ్.”

వెనక సీట్లోంచి హాసిని అందుకుంది. “నాక్కూడా తల హర్ట్ అవుతోంది డాడీ.”

తల్లి పాటకి కూతురి తాళం కూడా కుదిరిందన్నమాట అనుకున్నాడు రాజీవ్. పళ్లు బిగబట్టి విమానం వెనక్కి తిప్పాడు.

ఆ నాలుగు సీట్ల విమానం వయసులో రాజీవ్ కంటే పెద్దది. కిందటి వేసవికి ముందు కొన్నాడు. వాళ్లుండే కమ్మింగ్ ఊళ్లో తోటి తెలుగువాళ్లు శనివారం పిల్లల్ని డాన్స్ క్లాసులకి తిప్పుతుంటే, ఇతను షెడ్డులో దాని కింద పడుకుని ఉండేవాడు. పాత ముళ్ల మీటర్లు పీకించి వెడల్పాటి తెర పెట్టించాడు. కొత్త రేడియో వచ్చింది, తోలు సీట్లు వచ్చాయి. ముసలి మెకానిక్ వాల్టర్ మాత్రం పైకి కనపడని వాటి దగ్గరే సణిగేవాడు.

“చలికాలం రాకముందే ఈ పాత సైలెన్సర్ మార్చుకో. నీ హీటర్‌కి వేడి వచ్చేది దీన్నుంచే.”

“ముందు తెర పని కానీ వాల్ట్. అది తర్వాత చూద్దాం.”

వాల్టర్ తల అడ్డంగా ఊపి చిన్న అట్టముక్క ఒకటి చేతిలో పెట్టాడు. దాని మధ్యలో నారింజరంగు చుక్క. “అయితే ఇదైనా కళ్లెదురుగా అంటించు. ఇంజన్ పొగలో విషం లోపలికొస్తే వాసన తెలీదు, ఈ చుక్క నల్లబడుతుంది.”

హాసిని దాన్ని లాక్కుంది. “బొట్టు! ప్లేన్‌కి బొట్టు పెడతా డాడీ.” తెర పక్కనే అంటించేసింది కూడా.

ఆ మరుసటి వారం గుళ్లో పూజారిగారొచ్చి వాహన పూజ చేశారు. ప్రొపెల్లర్‌కి పసుపూ కుంకుమా పూశారు. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. త్రివేణి తెర పక్కన చిన్న ఆంజనేయస్వామి బొమ్మ నిలబెట్టి, ప్లాస్టిక్ చేమంతుల దండ వేసింది. దండ బొమ్మకి పెద్దదై కిందిదాకా జారింది.

“వాయుపుత్రుడు. ఈయన్ని మించిన పైలట్ ఎవరున్నారు?” అంది.

ఆ త్రివేణే ఎండాకాలమంతా కిటికీ తెరుచుకుని, చున్నీ ఎగిరిపోతుంటే పట్టుకుని, పాటలు పాడుతూ తిరిగింది. అప్పుడు లేని తలనొప్పి నవంబర్‌లో ఎక్కణ్ణించి ఊడిపడింది? నవంబర్‌లోనే వాళ్లమ్మ నాగమల్లేశ్వరికి విమానం సంగతి తెలిసింది. ఆవిడ ఫోనులో అన్న మాట రాజీవ్ చెవిలో ఇంకా గింగురుమంటోంది. “గాల్లో తిరగడానికి మనమేమన్నా పిట్టలమా అమ్మా? అమ్మేయమను.”

విమానం దిగి ఇంటికొచ్చాక కాసేపటికే త్రివేణి లేచి ఉప్మా కలుపుతోంది. హాసిని ట్రాంపొలిన్ మీద గెంతుతోంది. తలనొప్పి జాడే లేదు. రాజీవ్ నీళ్ల కోసం వంటింటి వైపు వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

“అడిగానమ్మా,” అంటోంది త్రివేణి ఫోనులో. “వినేలా లేడు. ఇంకోసారి అడిగి చూస్తా.”

దొరికింది దొంగ అనుకున్నాడు.

“ఎన్నాళ్లు ప్రాక్టీస్ చేయించావు హాసినితో?” లోపలికెళ్లి అడిగాడు.

“దేన్ని?”

“తలనొప్పిని. నీకొచ్చిన నిమిషానికి పిల్లకీ వస్తుందిగా.”

త్రివేణి గరిటె పక్కన పెట్టింది. “నేను యాక్టింగ్ చేస్తున్నానంటావా? సరే. ఇక నేనెక్కను, దాన్నీ ఎక్కనివ్వను. అమ్మేసెయ్ రాజీవ్.”

“ఒక పని చేద్దాం. రేపు హాసినిని నాతో పంపు, నువ్వు రావొద్దు. దానికి తలనొప్పి అంటే సోమవారమే అమ్మకానికి పెడతా. అనకపోతే ఈ మాట మళ్లీ ఎత్తకూడదు.”

ఆమె స్టవ్ ఆపేసింది.

“పంపుతా,” అంది చివరికి. “చలి చంపేస్తోంది. హీటర్ ఫుల్లుగా పెట్టు.”

మర్నాడు హాసిని ముందు సీట్లో కూర్చుంది.

“అమ్మ ఏం చెప్పమంది నాకు?” అన్నాడు బెల్టు బిగిస్తూ.

“ఏం లేదు. జాకెట్ తీయొద్దంది.”

రాజీవ్ నవ్వుకున్నాడు. హీటర్ మీట ఆఖరిదాకా లాగాడు. విమానం లేచింది. చెరువు దాటింది, కొండల వైపు తిరిగింది. ఎప్పుడంటుందా అని ఓరగా చూస్తూనే ఉన్నాడు. హాసిని అనలేదు. కాసేపు మబ్బుల్ని చూసింది, తర్వాత మాటలు తగ్గించింది, తర్వాత తల వాల్చేసింది. బుగ్గలు ఎర్రగా, నోరు కొంచెం తెరుచుకుని, హాయిగా నిద్రపోయింది.

తల్లి పక్కన లేకపోతే తలనొప్పీ లేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

దూరంగా రన్‌వే సన్నటి గీతలా కనిపించింది. రాజీవ్‌కి ఆవలింత వచ్చింది, వెంటనే ఇంకోటి. వారమంతా ఆఫీస్ కాల్స్, కళ్లు బరువెక్కవా మరి. త్రివేణికి పంపడానికి ఫోన్ తీశాడు.

“హాసినీ, స్మైల్.”

పలకలేదు. గాఢంగా పట్టేసింది నిద్ర. పోనీ, నిద్రపోతున్న ఫొటోయే ఇంకా మంచిది. అందులో ఆంజనేయస్వామి కూడా పడితే అత్తగారి నోరూ మూతపడుతుంది. స్వామి ముఖానికి అడ్డంగా పడ్డ చేమంతుల దండని వేలితో పక్కకి జరిపాడు.

దండ వెనక హాసిని పెట్టిన బొట్టు నల్లబడి ఉంది.