ఎన్ని చువ్వలు?

'టేప్ డ్రైవ్ కనబడలేదు' అని తెర మీద మూడోసారి అక్షరాలు పడ్డాయి.

"ఇంకెంతసేపయ్యా?" హాస్టల్ యజమాని బల్ల మీద అరచేత్తో చరిచాడు.

మెకానిక్ మోకాళ్ళ మీద కూర్చుని కంప్యూటర్ వెనక్కి తల దూర్చాడు. పాత టేపులోంచి ఒక డ్రాయింగ్ తియ్యాలని పొద్దున ఈ ఇంజనీరమ్మ ఆఫీసు నుంచి ఫోన్ చేశారు, అంతే. దాని మీద నూట నలభై మంది ఆడపిల్లల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

హాస్టల్ కింది అంతస్తులో మధ్య పిల్లర్ నిలువునా పగిలింది. ప్లాస్టర్ కొట్టి చూస్తే లోపల ఎనిమిది ఇనప చువ్వలే ఉన్నాయి.

"నేను పన్నెండు వెయ్యమన్నాను," అంది డ్రాయింగ్ గీసిన ఇంజనీరమ్మ. "నాలుగంతస్తుల బరువు దానిమీదే ఉంది. దండం పెడతాను, ముందు పిల్లల్ని బయటికి పంపండి. తప్పెవరిదో తర్వాత తేల్చుకుందాం."

"పంపిస్తే తప్పు మాదని మేమే చాటింపు వేసుకున్నట్టు. కట్టింది నా తమ్ముడు. మీరు ఎనిమిది రాస్తేనే వాడు ఎనిమిది వేసుంటాడు. ముందు మీ డ్రాయింగ్ చూపించండి."

యజమాని దగ్గరున్న డ్రాయింగ్ కాగితాన్ని చెదలు తినేశాయి. ఆమె కంప్యూటర్లో పాత డిస్కు కిందటి నెల చెడిపోయి కొత్తది వేశారు. మిగిలింది ఈ టేపే. మున్సిపల్ ఆఫీసువాళ్ళు ఆధారం చూపిస్తేనే కదులుతామన్నారు. హాస్టల్ వార్డెన్ యజమాని మాట తప్ప ఇంకొకరి మాట వినదు.

మెకానిక్ టేపు చదివే డ్రైవు వెనక ఉన్న చిన్న అంకెల చక్రాన్ని టార్చి వేసి చూశాడు. అంకె మూడు. కొత్త డిస్కు అంకె కూడా మూడే.

"అదీ సంగతి! ఇద్దరికీ ఒకటే పేరు పెట్టారు. పిలిస్తే ఇద్దరూ ఒకేసారి పలుకుతున్నారు," అంటూ చక్రాన్ని అయిదుకు తిప్పి కంప్యూటర్‌ను మళ్ళీ ఆన్ చేశాడు.

ఈసారి డ్రైవు కనబడింది. ఇంజనీరమ్మ ప్రాణం లేచివచ్చింది. టేపు లోపలికి పెట్టగానే గిర్రున తిరిగి, కీచుమని ఆగిపోయింది. 'చదవడం కుదరలేదు.'

సరిగ్గా అప్పుడే యజమాని ఫోన్ మోగింది. అవతల వార్డెన్ గొంతు గదిలో అందరికీ వినబడేంత గట్టిగా ఉంది.

"అయ్యా, పొద్దున పగుల్లో గోరు పట్టేది. ఇప్పుడు వేలు దూరుతోంది!"

"నేను చెప్పిందాకా ఎవరినీ కదిలించకు," అన్నాడు యజమాని. అన్నాడే గానీ మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

మెకానిక్ డ్రైవు మూత విప్పాడు. లోపల టేపును చదివే హెడ్డు మీద ఏళ్ళనాటి మసి పేరుకుపోయి ఉంది. దూదిని స్పిరిట్‌లో ముంచి మెల్లగా తుడిచాడు. నల్లబడ్డ దూదిని పారేసి కొత్తదానితో ఇంకోసారి తుడిచాడు.

మూత బిగించి టేపు మళ్ళీ పెట్టాడు. అది కదిలింది. ఆగలేదు.

"వస్తోంది. కానీ మొదట్నుంచీ తిరిగి రావాలమ్మా. మధ్యలోకి గెంతడం దీనికి చేతకాదు."

ముగ్గురూ ముళ్ళ మీద ఉన్నట్టు ఎదురుచూశారు. నూటికి ఇరవై. నలభై. యజమాని ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి తమ్ముడు. అతని గొంతూ గదిలో అందరికీ వినబడుతోంది.

"అన్నయ్యా, వకీలును తీసుకుని వస్తున్నా. గంటలో అక్కడుంటాం. పన్నెండని చూపిస్తే ఒప్పుకోకు, ఇప్పుడే మార్చి గీశారను. మేమొచ్చేదాకా ఒక్క పిల్ల కూడా గడప దాటకూడదు!"

"అలాగేరా," అన్నాడు యజమాని.

ఇంజనీరమ్మ గోడ గడియారం వైపు చూసింది.

టేపు ఆగింది. తెర ఆమెవైపు తిరిగి ఉంది. యజమాని బల్లకు అవతల నిలబడ్డాడు. మెకానిక్ ఇంకా కిందే, కేబుల్ కదలకుండా పట్టుకుని ఉన్నాడు. ఆమె ఫైలు తెరిచి, పిల్లర్ బొమ్మను పెద్దది చేసి కాసేపు దానివంకే చూసింది.

"చెప్పండి, ఎన్ని?" అన్నాడు యజమాని.

"ఎనిమిదే."

"ఏంటీ?"

"ఎనిమిదే గీశాను. తప్పు నాదే. మీ తమ్ముడు డ్రాయింగ్ ప్రకారమే కట్టాడు."

"నోటిమాట కుదరదు. రాసివ్వండి!"

ఆమె కాగితం లాక్కుని మూడు ముక్కలు రాసి, సంతకం పెట్టి, తన ముద్ర వేసి ఇచ్చింది. యజమాని దాన్ని రెండుసార్లు చదివాడు. ముఖం వెలిగిపోయింది. వెంటనే ఫోన్ అందుకున్నాడు.

"వార్డెనమ్మా, అందర్నీ బయటికి పంపేయ్! ఈ నిమిషమే! పెట్టెలూ పుస్తకాలూ వద్దు, ఉన్నవాళ్ళను ఉన్నట్టే తోలుకురా! ఆ ఇంజనీరమ్మ కొంప ముంచింది!" అని అరుస్తూ, కాగితం జేబులో కుక్కుకుని మెట్లు దిగిపోయాడు.

ఇంజనీరమ్మ వార్డెన్‌కు ఫోన్ కలిపి చెవి దగ్గర పెట్టుకుంది. అడుగుల చప్పుడు, కేకలు, ఎవరో ఏడుపు. ఆమె ఫోన్ దించలేదు. పావుగంట తర్వాత వార్డెన్ రొప్పుతూ మాట్లాడింది.

"అందరూ రోడ్డు మీదికి వచ్చేశారమ్మా. రెండుసార్లు లెక్కపెట్టాను."

ఇంజనీరమ్మ కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకుంది.

మెకానిక్‌కు ఆమె ముఖం చూడాలంటే మొహమాటంగా ఉంది. ఇంత పెద్ద చదువు చదివి ఇలాంటి పొరపాటు ఎలా చేసింది? ఇక ఈవిడ ఉద్యోగం పోయినట్టే. జైలు కూడా తప్పదేమో. ఏం చెప్పి ఓదార్చాలో తెలియక, టేపు బయటికి తీద్దామని లేచి తెర ముందుకొచ్చాడు.

పిల్లర్ బొమ్మ ఇంకా అలాగే ఉంది. చతురస్రం లోపల చువ్వలన్నీ నల్లటి చుక్కలుగా కనబడుతున్నాయి. ఊరికే లెక్కపెట్టాడు. నమ్మలేక, ఒక్కో చుక్క మీదా వేలుపెట్టి మళ్ళీ లెక్కపెట్టాడు.

పన్నెండు.