కంచం కాదన్న ముద్ద

పేగుజబ్బు వాళ్లకు ఏ తిండి పడుతుందో చెప్పే కంచు కంచాలు ఇంటింటికీ వచ్చేశాయి. హైమ కంచం మాత్రం నెలరోజులుగా పెసరకట్టుకీ, ఉడికిన గుడ్డుకీ, చివరికి గంజికీ పడదంటూ ఎర్రగానే వెలుగుతోంది. గ్లాసుడు కొబ్బరినీళ్ల మీద బతుకుతూ ఆమె చిక్కి సగమైపోయింది. కాలు ఒకచోట నిలవక వంటింట్లోంచి వసారాలోకీ, అక్కణ్ణించి పెరట్లోకీ తిరుగుతోంది.

పెరట్లో అత్తగారు వరహాలమ్మ ఆ కంచాన్నే తోముతోంది.

“దేంతో తోముతున్నారత్తయ్యా?”

“చింతపండుతోనే. నీ కంచం మెరవొద్దూ?”

చింతపులుపు హైమకు బొత్తిగా పడదు. కంచం ఇన్నాళ్లూ వద్దన్నది తిండిని కాదు, తనకంటిన ఆ పులుపుని!

వరహాలమ్మ నిలువునా నీరైపోయింది. పులుపు వదలని కంచాన్ని పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, మెత్తటి అన్నంలో గుడ్డు మెదిపి ముద్ద చేసింది. హైమ నోటిదాకా తెచ్చి ఆగిపోయింది.

“ఇది పడుతుందో లేదో ఎవరు చెప్తారే అమ్మాయ్?”

“ముందు పెట్టండత్తయ్యా. పడకపోతే నేనే చెప్తాను.”