శ్రీలేఖ తరఫున

"శాలువలు తీయవయ్యా!" పై అంతస్తు నుంచి కల్పలత అరిచింది.

కిందున్న వాచ్‌మన్ పర్వతాలు చెవికి అది "తలుపులు తీయవయ్యా" అయి చేరింది. శాలువలు బీరువాలోనే ఉండిపోయాయి. గేటు మాత్రం బార్లా తెరుచుకుంది.

"నేనేం చెప్పిన, నువ్వేం చేసినవ్?"

"తీయమంటిరి, తీసిన మేడమ్. ఒకాయన లోపటికి సుత వచ్చిండు."

వార్షికోత్సవానికి ఇంకా గంట టైముంది. మెట్టుగూడలోని ఆ ఆడపిల్లల హాస్టల్‌కి కల్పలత కార్యదర్శి. అక్కడ ఒక్కో పిల్ల చదువు ఒక్కో దాతది. ఏడాదికోసారి పిల్ల తన దాతకి శాలువా కప్పుతుంది. వేదిక మీద వేడుకంతా అదే.

వచ్చినాయన ముసలాయన. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు.

"శ్రీలేఖ తరఫున వచ్చానండీ."

కల్పలత మొహం వాడిపోయింది. "మేడమ్ వస్తలేరా?"

"రాదండీ."

డబ్బున్న పెద్దవాళ్ళ సంగతి కల్పలతకు కొత్త కాదు. మనసు పంపుతారు, మనిషిని పంపరు. మనిషిని పంపినా డ్రైవర్నే పంపుతారు. శాలువా దర్జాగా వెనక సీట్లో కూర్చుని ఇంటికి పోతుంది.

శ్రీలేఖ మేడమ్ సంగతైతే మరీ విడ్డూరం. ఆమె చదివిస్తున్న హిమజ ఒకటో తరగతి నుంచి తొమ్మిదికి వచ్చింది. ఫీజు ఒక్కసారీ తప్పలేదు, మేడమ్ ఒక్కసారీ రాలేదు. ఫోన్ చేస్తే ఎప్పుడూ ఒక మగ గొంతు, "చెప్తానండీ" అని పెట్టేసేది.

"ఆ గొంతు మీదేనా?"

"నాదేనండీ. వెంకటేశ్వర్లంటారు. యాప్రాల్‌లో ఉంటాను. అసలు శ్రీలేఖ..."

మాట పూర్తి కాలేదు. హిమజ మెట్ల మీంచి ఒక్క పరుగున వచ్చింది. కొత్త లంగా ఓణీ, చేతిలో మల్లెపూలు.

"మేడమ్ వచ్చిన్రా?"

"డ్రైవర్ అంకుల్‌ను పంపిన్రు బిడ్డా," అంది కల్పలత.

ముసలాయన నోరు తెరిచాడు. ఆ పిల్ల మొహం చూసి మూసుకున్నాడు.

హిమజ కాసేపు పూల వంక చూసింది. "పోనీ, మేడమ్ ఎట్లుంటరు అంకుల్?"

"రెండు జడలు వేసుకుంటుంది."

"అంత పెద్దామె రెండు జడలా!" కిసుక్కున నవ్వింది.

"కాకరకాయ కూర పెడితే కంచంలోంచి ఏరి పక్కన పెట్టేస్తుంది. వానొస్తే పుస్తకం మూసి కిటికీ దగ్గర నిలబడుతుంది. లెక్కలంటే ఏడుపే."

"నాకు సుత లెక్కలంటే పరేషానే! మరి నన్ను సూడనీకి ఎందుకు రారు?"

ఆయన జేబులోంచి రుమాలు తీసి, కళ్ళద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచీ తుడిచీ అన్నాడు. "వచ్చే వీలుంటే పరిగెత్తుకుని వచ్చేదమ్మా."

జడలైతే దొరికాయి, జాడే దొరకలేదు అనుకుంది కల్పలత. ఆయన్ని షామియానా చివర, డ్రైవర్ల వరసలో కూర్చోబెట్టింది.

సభ షురూ అయింది. దాతలు ఒక్కొక్కరే వేదికెక్కారు. శాలువలు, చప్పట్లు, ఫోటోలు.

హిమజ వంతు వచ్చింది. పక్కన ఖాళీ కుర్చీ. ఆ పిల్ల వారం రోజులుగా బట్టీ పట్టిన ఉపన్యాసం "గౌరవనీయులైన శ్రీలేఖ మేడమ్ గారికి" దగ్గరే ఆగిపోయింది.

"నేనంటే ఇష్టముంటే ఒక్కసారన్న వస్తుండె," అంది మైకులోనే.

శాలువా కుర్చీకి కప్పి, ఏడుస్తూ దిగిపోయింది. షామియానా చివర ముసలాయన లేచి నిలబడ్డాడు. రెండడుగులు ముందుకు వేసి, ఆగి, గేటు వైపు తిరిగాడు.

కల్పలత వెంటపడి ఆపింది. "పెద్దాయనా! మీ మేడమ్‌కు జెర గట్టిగ చెప్పుర్రి. ఫీజు కడితె అయిపోయిందా? ఆ పిల్లకు మనిషి గావాలె."

"చెప్తానండీ," అన్నాడు, అచ్చం ఫోన్లో అన్నట్టే. "మళ్ళీ ఒకసారి తీరిగ్గా నేనే వచ్చి, ఆ పిల్లతో మాట్లాడతాను."

"మీరొస్తే ఏం లాభం? బండెక్కడ పెట్టిన్రు?"

"షేర్ ఆటోలో వచ్చానండీ."

డ్రైవర్ని ఆటోలో పంపే పిసినారి మేడమ్‌ని కల్పలత అంతవరకూ చూడలేదు. ఆ మాట ఆ సాయంత్రం వంటమ్మతో చెప్పి నవ్వింది కూడా.

ముసలాయన మళ్ళీ రాలేదు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం యాప్రాల్ నుంచి కాంతమణి అనే ఆవిడ ఆటో నిండా అన్నం గిన్నెలతో దిగింది. పోయినవాళ్ళ పేరు మీద ఎవరైనా భోజనం పెడితే, ఆ పేరు పైకి చెప్పి, పిల్లలంతా దండం పెట్టాకే ముద్ద ముట్టడం ఆ హాస్టల్లో అలవాటు.

"ఏం పేరు చెప్పాలె అమ్మా?" అని అడిగింది కల్పలత.

"వెంకటేశ్వర్లు గారండీ, మా పక్కింటాయన. ఇవాళ పదకొండో రోజు. ఎవరూ లేరు కదా, మేమే చేస్తున్నాం. ఈ పిల్లలకే పెట్టమని పోయే ముందు మరీ మరీ చెప్పారు."

"అయ్యో! శ్రీలేఖ మేడమ్ డ్రైవర్ పోయిన్రా?"

వరసలోంచి హిమజ తలెత్తింది. "గిప్పుడన్న మేడమ్ వస్తరా ఆంటీ?"

కాంతమణి చేతిలో గరిటె ఆగింది. "డ్రైవరేంటమ్మా? ఆయన పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు."

"మరి శ్రీలేఖ మేడమ్?"

కాంతమణి ఆ పిల్ల వంకా, కల్పలత వంకా, చేతులు జోడించి కూర్చున్న అందరి వంకా చూసింది.

"మేడమ్ కాదమ్మా, శ్రీలేఖ ఆయన ఒక్కగానొక్క కూతురు. ఆరో తరగతిలో జ్వరమొచ్చి పోయింది. ఇంట్లో ఇక ఆ పేరు పిలిచే పని లేకుండా పోయిందని, ఇక్కడైనా ఎవరో ఒకరు పిలుస్తూ ఉంటారని, తన పేరు బదులు కూతురి పేరు మీదే ఫీజు కడుతూ వచ్చారు."