సమాధుల మధ్య కంచె

“కంచె తియ్యొద్దంటున్నాను. అంతే” అంది ఒటీలియా వెనింగర్, ఎత్తిన చెయ్యి దించకుండా.

లూథరన్ చర్చి నేలమాళిగలో కాఫీ కప్పుల చప్పుడు ఆగిపోయింది. తీర్మానం చదువుతున్న పాస్టర్ సిగ్నె ఆసెన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. బల్లకి ఒకపక్క లూథరన్లు, మరోపక్క కాథలిక్కులు. కెనడాలోని ఆ సస్కచెవాన్ పల్లెలో ఈ రెండు వర్గాలూ ఒక్కమాట మీదికి రావడమే వింత. తీరా వచ్చాక, ఈ ఒక్క ముసలావిడ అడ్డం పడింది.

కాథలిక్కుల గుడి కప్పు మంచు బరువుకి కూలిపోయినప్పటి నుంచీ వాళ్ళ పూజ కూడా లూథరన్ల చర్చిలోనే జరుగుతోంది. ఒకరి పాటలు ఒకరికి నోటికొచ్చేశాయి. ఇక మిగిలింది ఊరి బయటి శ్మశానం. అక్కడ రెండు శాఖల సమాధుల మధ్య తాతల నాటి ముళ్ళకంచె ఉంది. కాథలిక్ కానివాళ్ళని కంచెకి కాథలిక్కుల వైపు పూడ్చకూడదన్న నియమానిదీ దాని వయసే.

“ఏం ఒటీలియా, మావాళ్ళ గురకకి మీవాళ్ళ నిద్ర చెడుతుందనా?” అన్నాడు కాథలిక్కుల ఫాదర్ లియో. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

“అమ్మా, పరువు తియ్యకు” అన్నాడు కొడుకు రేమండ్ గొంతు తగ్గించి. అతను పోయిన తండ్రిలాగే కాథలిక్కు, బల్లకి ఆ పక్కనే కూర్చున్నాడు. “నాన్న రాయి మీద నీ పేరు కూడా ఎప్పుడో చెక్కించాం. తేదీ వెయ్యడమే మిగిలింది. కంచె పోతే హాయిగా ఆయన పక్కనే ఉంటావు కదా.”

“నేను లూథరన్‌ని” అంది ఒటీలియా.

సిగ్నెకి ఒళ్ళు మండింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఈవిడ చర్చి మారి నలభై ఏళ్ళు దాటినా ఆ కొత్తదనం వదల్లేదు. భర్త ఆంటన్ పోయి, ఇద్దరి పేర్లతో రాయి నిలబెట్టిన చలికాలంలోనే ఆమె కాథలిక్ చర్చి వదిలి ఇటు వచ్చేసింది. పాత ఫాదర్‌తో మాటా మాటా వచ్చిందని కాథలిక్కులంటారు. బైబిలు చదివి నిజం తెలుసుకుందని లూథరన్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆవిడ మాత్రం ఎన్నడూ నోరు విప్పలేదు.

ఒక్క చెయ్యి తప్ప అన్ని చేతులూ కంచెతోపాటు ఆ నియమాన్నీ తియ్యమన్నాయి.

గోధుమ కోతలయ్యాక ఒక ఆదివారం రేమండ్ ట్రాక్టరు తెచ్చాడు. గుంజలకి గొలుసు చుట్టి ఒక్కొక్కటే పెకలిస్తుంటే రెండు వర్గాలవాళ్ళూ కలిసి పాట అందుకున్నారు. ఆడవాళ్ళు హామ్ శాండ్‌విచ్‌లు పంచారు.

“ఆంటన్ ఉంటే ట్రాక్టరుతో పనే లేకపోయేది” అంది ఒక ముసలమ్మ. “ఏం బలం! ఏం మంచితనం! అడిగినవాడికి లేదనలేదు.”

“బంగారంలాంటి మనిషి” అన్నారు పక్కవాళ్ళు.

ఒటీలియా మాత్రం రేమండ్ పికప్ ట్రక్కులోంచి దిగలేదు. కడుపులో కేన్సరు. మంచు కరిగేదాకా ఉండదని డాక్టర్లు చెప్పేశారు. సిగ్నె కాఫీ పట్టుకుని దగ్గరికి వెళ్ళింది. అప్పుడే ఆఖరి గుంజ ఊడింది. లోపల ఒటీలియా తలుపు గడియ నొక్కుకున్న చప్పుడు టక్కున వినిపించింది. చావు ముంగిట్లో కూడా ఇంత పంతమా అనుకుంది సిగ్నె. ఆమె మీద కోపం పోయి జాలేసింది.

మంచు కురుస్తున్న ఒక మధ్యాహ్నం సిగ్నె ఆసుపత్రికి వెళ్ళింది. ఒటీలియా దుప్పట్లో పుల్లలా ఉంది. రేమండ్ కిందికి టీ తాగడానికి వెళ్ళాడు.

“శుభవార్త తెచ్చాను” అంది సిగ్నె మంచం పక్కన కూర్చుని. “ఆంటన్‌గారి పక్క చోటు మీకే ఖాయమైంది. మన ఐక్యతకి మొదటి ఫలం మీరేనమ్మా. మిమ్మల్ని మా రెండు శాఖలూ కలిసి సాగనంపుతాయి.”

“నన్నక్కడ పెట్టకూడదు. రూలుంది” అంది ఒటీలియా.

“ఆ రూలు పోయిందిగా.”

“మళ్ళీ పెట్టించలేవా, పాస్టరమ్మా?”

సిగ్నెకి నవ్వొచ్చింది. “ఎంత కష్టపడితే పోయిందో మీకు తెలీదా? అంతగా ఇష్టం లేకపోతే రేమండ్‌కి మీరే చెప్పొచ్చుగా.”

“వాడికి వాళ్ళ నాన్నంటే ప్రాణం.” ఒటీలియా కళ్ళు మూసుకుంది. “అది అలాగే ఉండనీ. అందుకే చర్చి రూలు చెప్పుకుని బతికాను. రూలుంటే ఎవరూ ఎందుకని అడగరు.”

ఆ మాట సిగ్నెకి సరిగ్గా బోధపడలేదు. రోగి అలసిపోయిందనుకుని ఆమె చెయ్యి నిమిరింది. ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అడగడానికి ఇదే సమయమనిపించింది. సమాధి దగ్గర చెప్పడానికి ప్రసంగం అప్పుడే మనసులో రూపు కడుతోంది.

“ఒక్కటి చెప్పండి. పుట్టిన చర్చిని వదిలి రావడం చిన్న సంగతి కాదు. మా బోధలో ఏది చూసి వచ్చారు? దేనికోసం వచ్చారు?”

ఒటీలియా తలుపు వైపు చూసింది. రేమండ్ ఇంకా రాలేదు.

“చచ్చాకైనా ఆంటన్ నా మీద చెయ్యి చేసుకోలేని చోటు కోసం.”